కాలవకి నీళ్లు వదిలిన రోజు

వీరవేణి అడ్డచుట్ట కాల్చేది. నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని, రెండో కొస బయటికి ఉంచి కాల్చడమన్నమాట. కొత్తవాళ్లు చూస్తే హడలిపోతారు. మా వైపు చేలో పనిచేసే ఆడవాళ్లు చాలామంది అలాగే కాలుస్తారు. చుట్ట తీయకుండానే ఊళ్లో సంగతులన్నీ మాట్లాడేసుకుంటారు. వీరవేణికి ఆ విద్య నేర్పింది వాళ్ల మామ్మ పాపాయమ్మ. పిల్లగా ఉన్నప్పుడు మొదలుపెట్టింది, మనవలు పుట్టినా మానలేదు. రెండువేల ఒకటో సంవత్సరం వేసవిలో రాజమండ్రి డాక్టరు ఆవిడ నోట్లోకి లైటు వేసి చూసి, అంగిట్లో పుండు కేన్సరని తేల్చాడు. అంగుడు తీసేయాలి, నాలుక కూడా సగానికి పైగా తీసేయాలి, ప్రాణం దక్కుతుంది గానీ మాట దక్కదన్నాడు.

ఆ కబురు ఆవిడ కొడుకు భీమరాజు ఫోన్ చేసి చెప్పాడు.

"సీతమ్మగారండీ, శుక్రవారం ఆపరేషనండి. అమ్మేమో ముందు మిమ్మల్ని..."

"చూడాలంటోంది, అంతేగా! తీసుకురావయ్యా, దానికి అడగడమెందుకు? గురువారం పొద్దున్నే తీసుకొచ్చెయ్. మధ్యాహ్నం దాకా మా ఇంట్లోనే ఉంటుంది. ఆసుపత్రికి సాయంత్రం వెళ్లచ్చు."

"ఆయ్, అలాగేనండి" అన్నాడు పాపం. ఇంకేదో చెప్పబోయాడు కానీ నేను ఫోన్ పెట్టేశాను.

నా పేరు సీతారామలక్ష్మి. రాజమండ్రిలోనే ఆడపిల్లల హైస్కూల్లో తెలుగు టీచర్ని. పాతికేళ్లుగా పిల్లల చేత పద్యాలు అప్పజెప్పించుకుంటున్న గొంతు నాది, చిన్నగా మాట్లాడమంటే రాదు. వీరవేణి నాకు చుట్టం కాదు. మా కులమూ కాదు. అయినా నాకు అక్కచెల్లెళ్లు లేని లోటు తెలియకపోవడానికి కారణం ఆవిడే. నాకు ఎనిమిదేళ్లప్పుడు మా నాన్న ఆత్రేయపురం దగ్గర కాలవ లాకుల పక్కన ఒక చిన్న ఊళ్లో బడిపంతులు. వీరవేణి వాళ్ల నాన్నకి లాకుల దగ్గర సోడాకొట్టు. నాకంటే మూడేళ్లు పెద్ద. బడిమొహం ఎరగదు.

మా అమ్మకి అప్పుడు క్షయ. వసారాలో నులకమంచం మీద పడుకుని ఉండేది. నన్ను దగ్గరికి రానిచ్చేవారు కాదు. ఆ ఏడే వానాకాలంలో పోయింది. నాన్న మళ్లీ పెళ్లి చేసుకుని వేరే ఊరికి బదిలీ చేయించుకున్నారు. అమ్మ ఫొటో ఒక్కటీ లేదు. ఆ రోజుల్లో పల్లెటూళ్లో ఫొటో ఎవరు తీయించుకున్నారు గనక! నాకు గుర్తున్నదల్లా మంచం, దుప్పటి, ఆ దుప్పట్లోంచి బయటికొచ్చిన ఒక చెయ్యి. మొహం ఎంత గింజుకున్నా రాదు. నాన్న పోయారు, పెద్దమ్మలు పోయారు. మా అమ్మని చూసినవాళ్లు, ఆవిడతో మాట్లాడినవాళ్లు ఈ భూమ్మీద ఇంక వీరవేణి ఒక్కతే మిగిలింది. రోజూ రెండు పూటలా అమ్మకి జావ పట్టుకెళ్లింది ఆవిడే.

మరి ఇన్నేళ్లూ ఎందుకు అడగలేదంటారా? కలిసేదే పెళ్లిళ్లలో. అందరి మధ్యా అలాంటివి అడగడానికి నోరు వస్తుందా? తర్వాత అడుగుదాంలే అనుకుంటూ గడిపేశాను. ఇప్పుడు శుక్రవారం అన్నాడు డాక్టరు. ఆ లోపల అమ్మ గురించి వీరవేణికి తెలిసిందంతా దాని నోటివెంట వినాలి, వినడమే కాదు, దాచుకోవాలి అనుకున్నాను. మా ఆయన పాటలు పట్టుకునే టేప్‌రికార్డరు తీసి, కొత్త కేసెట్టు పెట్టి సిద్ధంగా ఉంచాను.

గురువారం పొద్దున్నే ఆటో దిగింది. జబ్బు మనిషిలా లేనే లేదు. కొడుకు ముందు "బాగున్నారా సీతమ్మగారండీ" అంది. వాడు అటు వెళ్లగానే నడుం మీద ఒక్కటి చరిచి, "ఏమే సీతా, ఎంత లావెక్కేవే!" అంది.

"నీకేం, సన్నజాజి తీగలా ఉన్నావ్" అన్నాను.

"ఇక ముందు ఇంకా సన్నబడతానంట. గొట్టంలోంచి పోత్తారంట గంజి."

అని నవ్వేసింది. నాకు నవ్వు రాలేదు. కారం తగిలితే మంట అంటుందని పెరుగన్నం మెత్తగా పిసికి పెట్టాను. తిన్నాక పెరట్లోకి వెళ్లింది. ఎంతకీ రాకపోతే వెళ్లి చూద్దును కదా, అరుగు మీద కూర్చుని చుట్ట వెలిగించింది!

"ఓసి నీ దుంపతెగా! రేపు ఆపరేషన్ పెట్టుకుని ఇవాళ కూడా ఆ దిక్కుమాలిన చుట్టేనా?"

"రేపెలాగూ కోసేత్తారు కదే. ఇంకేం పాడవుద్ది?" అంది. రెండు దమ్ములు లాగి, మంటకి మొహం చిట్లించి, తనే నలిపి పారేసింది. కళ్లల్లో నీళ్లు తిరిగాయి. మంటకో మరెందుకో నేను అడగలేదు.

మధ్యాహ్నం గదిలో ఫ్యాను వేసి ఇద్దరం చాప మీద కూర్చున్నాం. ఎర్రమీట నొక్కి టేపు తిరుగుతోంది చూడమన్నాను. అంతే, వీరవేణి కొయ్యబారిపోయింది. చీర కొంగు భుజం మీదుగా కప్పుకుని, "నమస్కారమండి. నా పేరు వీరవేణండి. మాది లాకులకాడండి. మాకు ఇద్దరు పిల్లలండి" అంది పంచాయితీలో సాక్ష్యం చెప్పినట్టు.

నేను పడీ పడీ నవ్వాను. "ఇదేమైనా కోర్టా? మామూలుగా మాట్లాడవే తల్లీ. ఆ ఏడు వేసవి సంగతులు చెప్పు. మా అమ్మ సంగతి చెప్పు."

"ఆ ఏడా..." అని ఆగింది. టేపు వంక చూసింది, నా వంక చూసింది. ఇలా అయితే కేసెట్టు అంతా ఖాళీయే అనిపించింది. దాని నోరు కదిలేదాకా నేనే కాస్త అందించాలి అనుకున్నాను. బళ్లో పిల్ల పద్యం మర్చిపోతే మొదటి పాదం నేనే అందుకుంటానే, అలాగన్నమాట. మొదలుపెట్టాను.

ఏం వేసవి అది! కోతలు కాగానే కాలవ కట్టేసేవారు. నీళ్లు తీసిపోయి కాలవంతా ఇసకా, బురదా. లాకుల్లో నిండా నీళ్లుంటే పెద్ద పెద్ద ధాన్యం పడవలు ఎత్తుకి లేచి, కిందికి దిగి పోయేవి కదా, అవన్నీ ఎక్కడివక్కడ పక్కకి ఒరిగిపోయి ఉండేవి. ఆ పడవల్లో మేమే మహారాణులం. గుంటల్లో మిగిలిన నీళ్లు తోడిపోసి కొరమీనులు పట్టేవాళ్లం. నేను పట్టడం మాత్రమే, తినడం వీరవేణి వంతు. తోటలో మామిడిపిందెలు కోసుకుని, ఉప్పూ కారం పొట్లం బొడ్లో దోపుకుని, లాకు తలుపుల నీడలో కూర్చుని పళ్లు పులిసిపోయేదాకా తినేవాళ్లం. ఒక రోజు వీరవేణి పాపాయమ్మ మామ్మ చుట్ట దొంగిలించి నన్ను కూడా అడ్డంగా పెట్టుకోమంది. నాలుక కాలి లబోదిబోమన్నాను. అది మాత్రం గుప్పుగుప్పుమని పొగ వదిలి చూపించింది. పొద్దున్న చద్దన్నం తిని బయటపడితే దీపాలవేళకి ఇల్లు చేరడం. ఎక్కడికెళ్లావని గానీ, ఏం తిన్నావని గానీ అడిగిన పాపాన పోయినవాళ్లు లేరు. చెప్పు, ఇప్పుడు ఏ పిల్లలకుంది ఆ భాగ్యం? ట్యూషనూ, కంప్యూటరూ, ఇంటికొస్తే టీవీ!

చెబుతున్నకొద్దీ నాకు ఒళ్లు తెలియలేదు. నీళ్లు వదిలిన రోజు దగ్గరికొచ్చేసరికి నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. జూన్‌లో ఒకనాడు కాలవ కాపలా చూసే లస్కరు వచ్చి ఇవాళ కాలవకి నీళ్లొదుల్తున్నారు అని చెప్పిపోతాడు. ఆ రోజు తెల్లారకుండానే వీరవేణి మా గుమ్మంలో నిలబడింది. పద పద అని చెయ్యి పట్టుకు లాక్కెళ్లింది. ఎండిన కాలవలోకి దిగి నిలబడ్డాం. ముందు చప్పుడు. తర్వాత చల్లటి గాలి, బురద వాసన. అప్పుడు కనబడింది నీళ్ల ముట్టె, వచ్చే నీళ్ల ముందుకొస! నురగా, ఎండుటాకులూ, పుల్లలూ, కొట్టుకొచ్చే పాములూ, తేళ్లూ. ఆ నీళ్ల ముందు మేం పరుగు. పాదాలకి తగిలేదాకా ఆగి, కేకలేసి, మళ్లీ పరుగు. అలసిపోతే గట్టెక్కడం, మళ్లీ ముందుకెళ్లి దిగడం. అలా కింది లాకుల దాకా వెళ్లిపోయాం. అక్కడ నాకు జీళ్లు కొనిపెట్టింది. దానికి ఆ డబ్బులెక్కడివో నేను అడగలేదు. వెనక్కి పోదామంటే, ఇంకాసేపు, ఇంకాసేపు అనేది. చీకటి పడే వేళకి ఇల్లు చేరితే వసారాలో మంచం ఖాళీ. అమ్మని పెద్దాసుపత్రికి గూడుబండిలో తీసుకెళ్లారని నాన్న చెప్పారు. మళ్లీ అమ్మని చూడలేదు.

"అయినా ఒక్కటి మాత్రం నిజమే వీరవేణీ. నా జన్మలో అంత సంతోషంగా ఉన్న రోజు ఇంకోటి లేదు" అన్నాను. టేపు టక్కుమని ఆగిపోయింది. ఒకవైపు అయిపోయిందన్నమాట.

వీరవేణి కొంగుతో మొహం తుడుచుకుంటోంది. నా భుజం మీద చెయ్యి వేసి, "బాగా చెప్పేవే సీతా" అంది.

కేసెట్టు తిరగేద్దాం, రెండోవైపు నువ్వు చెప్పు అనబోతున్నాను, ఇంతలో భీమరాజు ఆటోతో వచ్చేశాడు. ఆసుపత్రిలో ముందుగానే చేరమన్నారట. వాడి కంగారు చూసి నాకూ కంగారు పుట్టింది. సంచీ సర్దాను, ఫ్లాస్కు ఇచ్చాను. ఆటో ఎక్కిన వీరవేణి నా చెయ్యి వదల్లేదు.

"సీతా, అది కాదే..."

"భయపడకే, ఏం కాదు. నేను పొద్దున్నే వచ్చేస్తానుగా!" అన్నాను. ఆటో వెళ్లిపోయింది.

ఆపరేషన్ బాగా జరిగిందన్నారు. బాగా జరగడమంటే ప్రాణం ఉండటం. ముక్కులో గొట్టంతో, మొహం వాచిపోయి ఉన్న వీరవేణి పక్కన కూర్చుని రోజూ ఏదో ఒకటి మాట్లాడి వచ్చేదాన్ని. కుట్లు విప్పాక ఒకసారి మాట్లాడబోయింది. ముక్కులోంచి గాలిలా ఏదో శబ్దం వచ్చింది. అది విని తనే బిత్తరపోయి అటు తిరిగి పడుకుంది. ఎక్కువ తీసేయాల్సి వచ్చిందనీ, అంగుడు స్థానంలో ఏ అమరిక పెట్టినా మాట ఇంతేననీ డాక్టరు చెప్పాడు. తర్వాత ఊరికి తీసుకెళ్లిపోయారు.

ఆ కేసెట్టు మీద పేరు రాసి బీరువాలో పెట్టుకున్నాను. వీరవేణి గొంతు నా దగ్గర భద్రంగా ఉందని ఎంత ధీమా నాకు! ఒక ఆదివారం మధ్యాహ్నం దాన్ని వినాలనిపించి పెట్టాను.

మొదట నమస్కారమండి అన్న మాట వచ్చింది. నవ్వుకున్నాను. తర్వాత నా గొంతు వచ్చింది. తర్వాత కూడా నా గొంతే. ఎంత సేపటికీ నా గొంతే. మధ్యలో "ఊఁ" అంటోంది వీరవేణి. "ఊఁ." మళ్లీ "ఊఁ." పిల్లలకి కథ చెబుతుంటే ఊఁ కొడతారే, అలాగ. దాని మాటలు దాచుకుందామని పెట్టిన టేపులో ఆ వైపంతా నేనే వాగాను, అది ఊఁ కొట్టింది.

నీళ్లు వదిలిన రోజు దగ్గరికి వచ్చింది టేపు. అక్కడ చిన్నగా వీరవేణి గొంతు వినబడింది.

"సీతా, ఆ రోజు పొద్దున్నే మీ అమ్మగారు నన్ను పెరటి గుమ్మంకాడికి పిలిచేరే. వీరవేణీ, ఇయ్యాల దీన్ని పొద్దోయేదాకా ఇంటికి..."

"ఆ రోజేగా నీళ్లు వదిలింది! అబ్బ, ఆ నురగ గుర్తుందా నీకు?" ఇది నేను.

ఇంకాసేపటికి మళ్లీ, "నేను నీకు ఇన్నాళ్లూ చెప్పలేదు గానీ, మీ అమ్మగారు నీతో చెప్పమని ఒక మాట అన్నారే. పెద్దయ్యేక..."

"ఆగాగు, ముందు పాముల సంగతి చెప్పనీ!"

ఆ తర్వాత వీరవేణి మాట్లాడలేదు. చివరిదాకా ఊఁ కొట్టింది, అంతే.

ఆపి, వెనక్కి తిప్పి, మళ్లీ విన్నాను. ఎన్నిసార్లు వింటే ఏముంది? ప్రతిసారీ నేను అక్కడే అడ్డం పడుతున్నాను. మా ఆయన అలికిడి విని వచ్చి గుమ్మంలో నిలబడ్డారు. వెళ్లి మంచినీళ్లు తెచ్చి పక్కన పెట్టారు. నా నోరు పడిపోను! పడిపోయింది మాత్రం దాని నోరు.

అమ్మ తను బండెక్కడం నేను చూడకూడదనుకుంది. తను తిరిగి రానని ఆవిడకి తెలిసే ఉంటుంది. అందుకే నన్ను కాలవలోకి పంపింది. జీళ్ల డబ్బులు కూడా అమ్మే ఇచ్చి ఉంటుంది. ఆ రోజే కాదు, ఆ వేసవంతా అంతే. నన్ను ఇంటికి దూరంగా, ఆ దగ్గుకి దూరంగా ఉంచమని పదకొండేళ్ల పిల్లకి అప్పజెప్పారు. దీపాలవేళ దాకా అడిగిన పాపాన పోయినవాళ్లు లేరని ఎంత గొప్పగా చెప్పుకున్నాను! నేను ఆడుకున్నాననుకున్నాను ఇన్నాళ్లూ. ఆడించారని తెలియలేదు. నా జన్మలో అంత సంతోషమైన రోజు లేదని వీరవేణి మొహం మీదే అన్నాను. అది కొంగుతో కళ్లు తుడుచుకుని బాగా చెప్పావంది. ఏడుపు ఆగలేదు నాకు.

మర్నాడు బడికి సెలవు పెట్టి బస్సెక్కాను.

కాలవ నిండుగా పోతోంది. గట్టు మీదే వాళ్ల ఇల్లు. వీరవేణి వసారాలో కుర్చీలో కూర్చుని ఉంది. చాలా చిక్కిపోయింది. నన్ను చూడగానే లేవబోయింది. భీమరాజు కుర్చీ తెచ్చి వేశాడు.

"మీకు అర్థమవుతుందా బాబూ, అమ్మ చెప్పేది?" అన్నాను.

"లేదండి. మాకూ అర్థం కాదండి. అన్నీ సైగలేనండి. అమ్మకి రాయడం కూడా రాదు కదండీ" అని వాడు పక్కకి తిరిగి లోపలికి వెళ్లిపోయాడు.

నేను వీరవేణి చేతులు రెండూ పట్టుకున్నాను. "టేపు విన్నానే. నిన్ననే విన్నాను. నువ్వు చెబుతుంటే నేను చెప్పనివ్వలేదు. అమ్మ నీతో ఏమందే?"

దాని కళ్లు పెద్దవయ్యాయి. తల ఊపింది. నాకు ప్రాణం లేచొచ్చినట్టయింది. చెప్పలేకపోతేనేం, నేను అడుగుతాను, అది తల ఊపుతుంది అనుకున్నాను. "నన్ను బాగా చూసుకోమందా?" కాదని అడ్డంగా ఊపింది. "బాగా చదువుకోమందా?" కాదు. "నాన్నని విసిగించద్దందా? నేను రాలేదని కోపగించుకోవద్దందా? మళ్లీ వస్తానందా?" కాదు, కాదు. "పోనీ నన్ను ఒకసారి చూస్తానందా? నిద్రలో చూసి వెళ్లిందా? ఏమందే, చెప్పవే, దేవుడి గురించా, పెళ్లి గురించా..."

వీరవేణి చెయ్యి లాక్కుని నా నోరు మూసింది. గట్టిగానే మూసింది. పొలం పని చేసిన చెయ్యి, గరుగ్గా ఉంది. నా కళ్లలోకి చూస్తూ కాసేపు అలాగే ఉంచింది. నేను నోరు మూసుకున్నానని నమ్మకం కుదిరాక చెయ్యి తీసింది. కుర్చీ ముందుకు జరుపుకుంది. ఆసుపత్రిలో తన గొంతు విని తనే అటు తిరిగి పడుకున్న మనిషి, మొదలుపెట్టింది.

ముక్కులోంచి, గొంతులోంచి మాటలు ఒకదాని మీద ఒకటి పడుతున్నాయి. ఆగి, ఊపిరి తీసుకుని, పెదాలు తుడుచుకుని మళ్లీ చెబుతోంది. తొందర లేదు. ఎక్కడో ఒకచోట నవ్వింది కూడా. ఒకచోట కళ్లు ఒత్తుకుంది. వాటిల్లో నాకు తెలిసిన మాట ఒక్కటే, అమ్మ. ఆ ఒక్కటి మాత్రం స్పష్టంగా వస్తోంది. అటూ ఇటూ ఉన్నదేదీ నాకు అందలేదు. ఏమన్నావ్, మళ్లీ చెప్పు అని నోటిదాకా వచ్చింది. మింగేశాను.

వీరవేణి నా మొహంలోకి చూసి ఆగింది, వింటున్నానా అన్నట్టు.

"ఊఁ" అన్నాను.

మళ్లీ చెప్పసాగింది. చాలాసేపు చెప్పింది. నేను ఒక్క మాటా అడ్డం రాకుండా, ఒక్క ముక్కా అర్థం కాకుండా, చివరిదాకా ఊఁ కొడుతూ కూర్చున్నాను.